జెట్టీ మీద అందరికీ తెలిసిన నంబరు

నారళీ పున్నమి పొద్దు; రాఖీలు కట్టే రోజూ, వానలకి ఆగిన పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే రోజూ ఇదే. ముంబై ఒడ్డున జాలర్లుండే ఓ కోళీవాడ, అందులో చేపలమ్మే రఖమాబాయి ఇల్లు. పీట మీద తమ్ముడు మోరూ, ఎదురుగా రాఖీ పళ్లెంతో అక్క. దీపమైతే వెలిగించింది గానీ తమ్ముడి చెయ్యి ఇంకా పట్టుకోలేదు.

"ముందు కట్టెయ్యక్కా. తర్వాత తిట్టుకుందువు గాని, ఎంతసేపు కావాలంటే అంతసేపు."

"నిన్నెందుకు తిడతాన్రా? నేను తిట్టేది నా డబ్బు తిన్నవాణ్ణి. నువ్వు తిన్నావా?"

"పండగపూట అవేం మాటలు?"

"మరి మధ్యలో నీకెందుకు పౌరుషం? కూర్చో. కజ్జికాయ తిను. కొబ్బరి నేనే తురిమాను."

"బ్యాండువాళ్ళు వచ్చేశారు, వినపడట్లేదా? సముద్రానికి బంగారు కొబ్బరికాయ వేసేలోపు నేను పడవ దగ్గరుండాలి. సుగంధ ఒక్కతే జెండాలు కడుతోంది అక్కడ."

"నీ పెళ్ళానికి జెండాలు కట్టడం కొత్తా? కడుతుందిలే. వానల్లో రెండు నెలలు ఒడ్డున కూర్చున్నవాడివి, ఇంకో అరగంట కూర్చోలేవా?"

"దీపం ఆరిపోతుందక్కా."

"నూనె పోస్తాను. చెప్పు. వాడు దొరికితే ఏం చేద్దాం?"

"ఎవడు?"

"ఎవడంటావేంట్రా? తొంభై రెండు వేలు పోయాయిరా నా బ్యాంకులోంచి. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటుంటే నువ్వు ఎవడు అంటావేంటి?"

"అదే, అదే. దొరకాలి కదా ముందు."

"దొరుకుతాడు. దొరికాక పోలీసులకి తర్వాత, ముందు నాకిమ్మంటాను. చందువా చేపని బాగుచేసినట్టు బాగుచేస్తాను వాణ్ణి. మొదట రెక్కలు కత్తిరిస్తాను. తర్వాత తోక. తర్వాత ఇక్కడ, మెడ కింద కత్తి పెట్టి ఇలా..."

"తింటున్నానక్కా!"

"తిను, తిను. చేపలవాడి ఇంట్లో పుట్టి పేగులంటే వాంతొస్తుందా? ఇంకోటి తీసుకో."

"వద్దు. చాలు."

"ఒక్కటే తిన్నావు. చిన్నప్పుడు డబ్బా ఖాళీ చేసేవాడివి. అడక్కుండా."

"అక్కా, ఒక మాట చెప్పనా? కోపం తెచ్చుకోకు."

"కోపమా, నాకా? చెప్పు."

"తప్పు నీది కూడా ఉంది. కాదా? జెట్టీ మీద వేలంలో చేప కొన్నప్పుడల్లా డబ్బు కట్టడానికి ఫోను ఎవడి చేతిలోనో పెట్టి, పిన్ను ఒకటి తొమ్మిది ఏడు నాలుగు కొట్టరా అని అరుస్తావు. సముద్రం మీద ఉన్న పడవలకి కూడా వినపడుతుంది. ఆ నంబరు జెట్టీ మీద కాకులకి కూడా వచ్చు."

"చేతులు చూడు ఇవి. చూడు! రొయ్యలు వొలిచి వొలిచి వేళ్ళ మీద గీతలే లేవు. రేషన్ షాపులో మెషిను మీద వేలు పెడితే నన్ను మనిషే కాదంటుంది. ఆ పైన తడి, జిగురు, పొలుసులు. నేను ఫోను ముట్టుకుంటే అద్దం మీద చేప ఈదినట్టుంటుంది. పక్కవాళ్ళకి ఇవ్వక నేనేం చెయ్యను? అందరం ఇచ్చేవాళ్ళమే. నా పక్కన చేపలమ్మే యమునా ఇవ్వట్లేదా? ఆ బూధీ ఇవ్వట్లేదా? వాళ్ళ డబ్బు ఎవరు తీశారు?"

"వాళ్ళ దగ్గర తొంభై రెండు వేలు లేవు కదా."

"అదీ నిజమే. నా దగ్గరున్నాయని ఎవరికి తెలుసు మరి?"

"అందరికీ తెలుసు. టెంపో కొంటున్నా, టెంపో కొంటున్నా అని నువ్వే చాటావు."

"చాటాను. ఎందుకు చాటకూడదు? తట్ట నెత్తిన పెట్టుకుని లోకల్ రైలు సామాన్ల పెట్టెలో ఎన్నేళ్ళు వేలాడాను. ఎక్కగానే ముక్కు మూసుకుంటారు, దిగగానే టికెట్ బాబు తట్టకి వేరే డబ్బు కట్టమంటాడు. ఈ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు మీద ఫొటో దిగిన రోజు నవ్వావు నువ్వు."

"నవ్వలేదక్కా."

"నవ్వావు. స్టీరింగు పట్టుకుంటే పీతని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావన్నావు. సుగంధ కూడా నవ్వింది. సరే, నవ్వండి. అయినా కొనబోయాను కదా? కొబ్బరికాయ పట్టుకుని, పూలదండ పట్టుకుని, వీధిలో ఆడాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను షోరూముకి. నువ్వు రాలేదు."

"వల బాగుచేసుకుంటున్నా."

"అవును, వల. నేను ఆగలేక డబ్బు కట్టకముందే టెంపోకి దండ వేసేశాను. యమునా కొబ్బరికాయ కొట్టేసింది. ఆ షోరూము పిల్ల ఫోను తీసుకుని నొక్కింది. కుయ్యిమంది. మళ్ళీ నొక్కింది. మౌసీ, ఖాతాలో డబ్బు లేదు అంది. ఎంత మెల్లిగా అందో తెలుసా? పాపం, నా పరువు కాపాడదామని. వెనకున్న వాళ్ళందరికీ వినపడింది."

"పోనీలే అక్కా, ఆ సంగతి ఇప్పుడు..."

"పోనీయను! దండ నేనే తీశాను మళ్ళీ. టెంపో మెడలోంచి దండ తీసిన ఆడది ఈ కోళీవాడలో నేనొక్కతినే. ఆ దండ చేత్తో పట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. కండక్టరు ఎవరైనా పోయారా మౌసీ అన్నాడు. అవును బాబూ, పోయారు అన్నాను."

"నాకూ బాధగానే ఉంది."

"నీకు బాధగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే నిన్నడుగుతున్నా. బ్యాంకుకి వెళ్ళమంటావా?"

"వెళ్ళి ఏం లాభం? నంబరు నువ్వే చెప్పావు కదా, మా పూచీ లేదు పో అంటారు. అదే రూలు. నేను కనుక్కున్నా."

"ఎప్పుడు కనుక్కున్నావు?"

"అదే... మొన్న. నీకోసమే."

"నాకోసం బ్యాంకుకి వెళ్ళావా? నాతో ఒక్క మాట చెప్పకుండా?"

"బ్యాంకుకి వెళ్ళలేదు. ఎవరో అంటుంటే విన్నా."

"మరి పోలీసులు?"

"అయ్యో, వాళ్ళ జోలికి మాత్రం పోకు. స్టేషన్ చుట్టూ తిప్పుతారు. సీజను మొదలవుతోంది, నువ్వు చేప అమ్ముకుంటావా, బెంచీ మీద కూర్చుంటావా? పైగా నిన్నే అడుగుతారు, నీ ఫోను ఎవరెవరు పట్టుకున్నారు, వాళ్ళ పేర్లు చెప్పు అని. ఊళ్ళో అందరితో చెడతావు."

"అంటే ఊరుకోమంటావు."

"కాస్త ఆగమంటున్నా. నాలుగు రోజులు. సీజను బాగా నడిస్తే నేనే ఎంతో కొంత సర్దుతా. దసరాకి ఒక భాగం, దీపావళికి ఒక భాగం."

"నువ్వెందుకు సర్దాలిరా? దొంగెవడో, కట్టేది నువ్వా?"

"తమ్ముణ్ణి కదా."

"అబ్బో. నీ దగ్గర డబ్బెక్కడిది? పడవకి కొత్త ఇంజను కూడా వేశావటగా? మెరిసిపోతోందట. యమునా చెప్పింది."

"దలాలు అడ్వాన్సు ఇచ్చాడు. సీజనంతా చేప వాడికే వేస్తానని మాటిచ్చా."

"మంచివాడే. పాతికేళ్ళుగా వాడి దగ్గర చేప కొంటున్నా, నాకెప్పుడూ అర్ధరూపాయి వదల్లేదు. నీకు ఏకంగా ఇంజనే ఇచ్చాడు."

"మగాళ్ళ వ్యవహారం అక్కా, నీకు తెలీదు. కట్టెయ్ రాఖీ. చెయ్యి నొప్పెడుతోంది చాచీ చాచీ."

"దించు. ఎవరు చాచమన్నారు? నేనింకా తేల్చుకోలేదు. వాడెవడో తేలాలి ముందు."

"ఎవడో తేలింది కదక్కా! ఊరంతటికీ తేలింది, నీకొక్కదానికే తేలలేదు. ఆ ఐసు బండి రామ్‌సజన్. రోజూ నీ ఫోను నొక్కేది ఎవడు? నీ నంబరు నోటికొచ్చింది ఎవడికి? ఆ బీహారు వాడికి మనమీద ప్రేమేంటి? ఇవాళ ఉంటాడు, రేపు రైలెక్కుతాడు."

"ఎనిమిదేళ్ళుగా ఉన్నాడు."

"అదును కోసం చూశాడు."

"ఎనిమిదేళ్ళు అదును కోసం ఐసు కొట్టాడంటావు. ఓపికున్నవాడే."

"నువ్వు నవ్వితే నవ్వు. నేనైతే చెప్పాల్సిన చోట చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

"కుర్రాళ్ళకి. గణపతి మండలి కుర్రాళ్ళకి. వాళ్ళు కాస్త మాట్లాడారు వాడితో."

"మాట్లాడారా? ఐసు కొట్టే సుత్తి తీసుకుని మాట్లాడారు. చెవి తెగి వేలాడింది. కుట్లు వేయించింది నేను. ఆస్పత్రిలో నా చీర కొంగు పట్టుకుని ఏమన్నాడో తెలుసా? మౌసీ, నేను తియ్యలేదు అనలేదు. మౌసీ, రేపు ఐసు ఎవరు తోస్తారు, మీ చేప పాడైపోతుంది అన్నాడు."

"నాటకం. దొంగలందరూ అలాగే..."

"మోరూ."

"ఏంటి?"

"మన ఏకవీర అమ్మవారి మీద ఒట్టేసి చెప్పు, రామ్‌సజనే తీశాడని."

"పండగపూట ఒట్లేంటక్కా?"

"పండగపూట అబద్ధాలు చెప్పొచ్చు, ఒట్లు పెట్టకూడదా? ఇదుగో దీపం. దీని మీద చెయ్యి పెట్టు."

"కాలుతుంది."

"కాలేంత దగ్గర పెట్టమనలేదు. పెట్టు."

"నేను చూడలేదు కదా, ఎలా ఒట్టు పెట్టను? అనుమానం అన్నాను. అనుమానానికి ఒట్టుంటుందా?"

"కుర్రాళ్ళతో అనుమానం అని చెప్పావా, నేను కళ్ళారా చూశాను అని చెప్పావా?"

"...ఏదో అన్నా. గుర్తులేదు."

"వాళ్ళకి గుర్తుంది. సరే, ఒక సంగతి అడుగుతాను, నీకు తెలుస్తుంది, ఇది మగాళ్ళ వ్యవహారం. రామ్‌సజన్ ఐసు బండి ఎలాంటిది?"

"ఎలాంటిదేంటి? తోపుడు బండి."

"రెండు చక్రాలు?"

"రెండు చక్రాలు."

"మరి దానికి ఇంజనెందుకురా?"

"ఏం ఇంజను?"

"నా తొంభై రెండు వేలు ఎక్కడికెళ్ళాయో తెలుసా? ఉరణ్‌లో పడవ ఇంజన్లు అమ్మే సావంత్ ఖాతాకి. ఐసు తోసేవాడు ఇంజను కొని ఏం చేస్తాడు? బండికి బిగించి సముద్రం మీద తోస్తాడా?"

"నీకెవరు చెప్పారు?"

"అయితే తప్పని అనవా? అబద్ధం అనవా? ఒక్కసారైనా అనరా. నా కడుపు చల్లబడుతుంది."

"ఎవరు చెప్పారక్కా నీకు?"

"షోరూము పిల్ల. దండ చేత్తో పట్టుకుని నేను రాయిలా నిలబడిపోతే, ఆ పిల్ల కుర్చీ వేసింది. మౌసీ, ఏడవడం తర్వాత, ముందు ఫోను చెయ్యాలి అంది. ఇలా డబ్బు పోతే చెప్పడానికో నంబరుందట, పంతొమ్మిది ముప్ఫై. తనే కొట్టింది, తనే చెప్పింది. బ్యాంకుకీ చెప్పించింది. ఎంత తొందరగా చెప్తే అంత మంచిదట, డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారట. నాలుగు రోజులు ఆగితే చేతులు మారిపోతుందట. నాలుగు రోజులు ఆగమన్నది ఎవర్రా ఇందాక?"

"అంటే... ఆ రోజే?"

"ఆ రోజే. టెంపో ముందు, ఆ కుర్చీలోనే. మర్నాడు బ్యాంకుకి వెళ్ళాను. మీ నంబరు ఎవరికైనా చెప్పారా అని అక్కడి అమ్మాయి అడిగితే, నా వెనక నిలబడ్డ మన ఆడాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా పూచీ లేదంది, నువ్వన్నట్టే. కానీ డబ్బు సావంత్ ఖాతాలో ఆగిపోయింది బాయీ, అది కదల్లేదు అంది. ఆ సాయంత్రమే సావంత్ లబలబలాడుతూ ఫోను. బాయీ, మీ మూలంగా నా ఖాతా ఆపేశారు, నేనేం పాపం చేశాను, మీ తమ్ముడు మీ ఫోనుతోనే కట్టాడు, మా అక్కే కొనిస్తోంది అన్నాడు, ఇంజను మీద కుంకుమ కూడా పెట్టించుకుని వెళ్ళాడు అని."

"అక్కా..."

"కుంకుమ కూడా పెట్టించావట్రా. నా పేరు చెప్పి!"

"అక్కా, విను."

"కరెంటు బిల్లు కట్టాలి, నీ ఫోను ఇవ్వు, నాదాంట్లో నెట్టు లేదు అన్నావు. ఇచ్చాను. మెసేజి కూడా తుడిచేసి ఇచ్చావు. నాకు టీ పెట్టవా అక్కా అన్నావు. నేను టీ పెడుతుంటే తీశావు."

"తిరిగి ఇచ్చేద్దామనే తీశానక్కా. సీజను అవ్వగానే ఇచ్చేద్దామని. నువ్వు చూసుకునేలోపు పెట్టేద్దామనుకున్నా. నువ్వు గురువారమే షోరూముకి పోతావని నాకెలా తెలుస్తుంది?"

"అంటే తప్పు గురువారానిది."

"అడిగాను కదా నిన్ను! హోళీ నాడు అడిగాను, వటసావిత్రి నోము నాడు సుగంధ చేత అడిగించాను. ఇంజను పోయి రెండు సీజన్లయింది, పడవ ఒడ్డున కుళ్ళిపోతోంది, పక్కవాడి పడవలో కూలికి పోతున్నా అన్నాను. నువ్వేమన్నావు? పోయినసారి ఇంజను డబ్బు పేకాటలో పెట్టావు కదా అన్నావు. పదిమందిలో అన్నావు!"

"పెట్టలేదా?"

"పెట్టాను. ఒక్కసారి పెట్టాను. జీవితాంతం దెప్పుతావా? నీకు పిల్లలా జెల్లలా, నీ టెంపో ఎవరికి? రేపు ఎవరికొస్తుంది అదంతా? నా పిల్లలకేగా? వాళ్ళ డబ్బు కాస్త ముందు తీసుకున్నాను, అంతే. అది దొంగతనమా?"

"మళ్ళీ అను."

"ఏంటి?"

"నేను చచ్చాక రావలసిన డబ్బు ముందే తీసుకున్నానన్నావు. మళ్ళీ అను, ఇందాక సగమే వినపడింది. బ్యాండు మోగుతోంది."

"నేనలా అనలేదు."

"అలాగే అన్నావు. నేనింకా బతికే ఉన్నాన్రా. చూడు, వెలుతురులోకి వచ్చి కూర్చుంటాను. మోకాళ్ళు నొప్పి, వేళ్ళకి గీతల్లేవు, అంతే. మిగతాదంతా బతికే ఉంది. నీకు మొట్టమొదటి వల కొనిచ్చింది ఎవరు?"

"మళ్ళీ ఆ వల! ఎన్నిసార్లు ఎత్తుతావక్కా ఆ వల?"

"నువ్వు మర్చిపోయినప్పుడల్లా ఎత్తుతాను. అడిగితే ఇవ్వనన్నాను. నిజమే. అది నా నోరు, నా డబ్బు, ఇవ్వననే హక్కు నాకుంది. నువ్వు కొట్లాడాల్సింది. వాకిట్లో పడుకుని మొండికేసి ఏడవాల్సింది, చిన్నప్పట్లాగా. ఇచ్చేసేదాన్నేమో. ఎవరికి తెలుసు? నాకే తెలీదు."

"క్షమించక్కా."

"ఆగు. ఇంకా కాలేదు. సావంత్ ఫోను చేశాక నేనేం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు. వస్తాడు అనుకున్నాను. రాత్రికి వస్తాడు, తలుపు కొడతాడు, ఏడుస్తాడు, నేనూ ఏడుస్తాను, నాలుగు తన్ని అన్నం పెడతాను అనుకున్నాను. వంట కూడా చేశాను, ఎండు రొయ్యల పులుసు. నువ్వు రాలేదు. యమునా వచ్చింది పరిగెత్తుకుంటూ, రామ్‌సజన్‌ని కొడుతున్నారు, మోరూ చూపించాడట అని. ఆ పులుసు పిల్లి తినేసింది."

"భయపడ్డానక్కా. ఊరంతా దొంగ ఎవడు, దొంగ ఎవడు అంటుంటే భయమేసింది. ఎవరో ఒకరి పేరు చెప్తే సద్దుమణుగుతుందనుకున్నా. కొడతారనుకోలేదు. నీ మీద ఒట్టు, కొడతారనుకోలేదు."

"ఇప్పుడొచ్చింది ఒట్టు."

"కాళ్ళు పట్టుకుంటా. ఇదిగో. ఇదిగో పట్టుకున్నా."

"వదులు. దీపం తన్నేస్తావు."

"ఇంజను అమ్మేసి ఇచ్చేస్తా. ఈ సీజనొక్కటి నడపనీ, తర్వాత అమ్మేసి..."

"అమ్మక్కర్లేదు. నా డబ్బు నాకొస్తోంది. వెనక్కి ఇచ్చెయ్యమని బ్యాంకుకి సావంత్ రాసిచ్చాడు, కాస్త టైం పడుతుందట గానీ వస్తుంది. ఊరికే రాసిస్తాడా మరి? తన ఇంజను తను పట్టుకుపోయాడు."

"పట్టుకుపోవడమేంటి? ఎప్పుడు?"

"నువ్వు స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని ఇటు బయల్దేరావు చూడు, అప్పుడు."

"ఇవాళా? ఇప్పుడా? పడవకి పూజ చేసి ఉంది! జెండాలు కట్టి ఉంది! సుగంధ అక్కడే ఉంది కదా, అది ఊరుకుందా?"

"అరిచే ఉంటుంది. అరవనీ. నేనూ షోరూములో అరుద్దామనుకున్నాను, నోరు రాలేదు."

"అందరి పడవలూ వెళ్తాయక్కా! కొబ్బరికాయ వెయ్యగానే అందరూ ఇంజన్లు స్టార్ట్ చేస్తారు. నేనొక్కణ్ణీ ఒడ్డున... ఊరంతా చూస్తుంది!"

"చూస్తుంది. దండ చేత్తో పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో నీకూ తెలియాలి. నీ పడవకి దండ వేశారా?"

"నువ్వు అక్కవేనా? ఆ! మనిషివేనా నువ్వు? కన్నతల్లిలా పెంచానని చెప్పుకుంటావు, పండగనాడు నా కడుపు మీద కొడతావా?"

"కడుపు మీద కాదురా, మొహం మీద. తెడ్లున్నాయి కదా, తెడ్లేసుకుని వెళ్ళు. మన నాన్న తెడ్లతోనే వెళ్ళాడు."

"వెళ్తాను! వెళ్తా, నీ గడప తొక్కను మళ్ళీ. నీ రాఖీ వద్దు, నీ కజ్జికాయలొద్దు."

"కూర్చో."

"కూర్చోను."

"మోరూ, కూర్చో. చెయ్యి ఇటివ్వు."

"ఎందుకు? కొయ్యడానికా?"

"కట్టడానికి. అక్కవేనా అన్నావు కదా. ఇవ్వు. ఎడం చెయ్యి కాదు, కుడిది. పీట సరిగ్గా వేసుకో. తల మీద రుమాలు వేసుకో."

"...నిజంగా కడతావా?"

"నేను కట్టకపోతే ఎవరు కడతారు? నీకు ఇంకో అక్కుందా? కదలకు. కుంకుమ కంట్లో పడుతుంది."

"అక్కా, నాకు ఏడుపొస్తోంది."

"ఏడువు. ఆ రాత్రికి ఏడవాల్సింది. ఇప్పుడైనా ఏడువు. మరీ గట్టిగా బిగిసిందా?"

"లేదు. బాగుంది."

"మూడు ముళ్ళేశాను. ఉప్పునీళ్ళు తగిలినా ఊడదు. నోరు తెరువు, తీపి తిను. వందేళ్ళు బతుకు. సముద్రం నిన్ను చల్లగా చూడాలి. నీ పిల్లలు బాగుండాలి."

"చీర తెచ్చానక్కా. సుగంధ ఏరింది. పళ్లెంలో పెట్టనా?"

"నా డబ్బులోనే కొన్నారా?"

"కాదు, కాదు. ఏకవీర తోడు, కూలి డబ్బు."

"అయితే పెట్టు."

"కోపం పోయిందా?"

"సగం పోయింది. డబ్బు సగం."

"మిగతా సగం?"

"అది రామ్‌సజన్ చెవి. నా డబ్బు నాకొస్తుంది, టెంపో కొంటాను, ఈ దండ కాకపోతే ఇంకో దండ వేస్తాను. నువ్వు మొండికేస్తే నా చేత్తోనే ఇంజను కూడా కొనిస్తానేమో, ఆడదాని బుద్ధి చెప్పలేం. వాడికి చెవెవరిస్తారు? వాడు నిన్నేం చేశాడురా? నా చేపకి ఐసు వేశాడు, అంతే. వాడి తెగిన చెవి తలచుకుంటే నా ఒళ్ళు ఇప్పటికీ మండిపోతోంది. నీ మీద నాకింత పగ వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు."

"వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకుంటా అక్కా. అందరి ముందూ చెప్తా, నేనే తీశాను, వాడు కాదు అని. ఇప్పుడే వెళ్తా. ఎక్కడున్నాడు?"

"పోలీస్ స్టేషన్లో. పొద్దున్నే నేనే దింపొచ్చాను. ఎవరు కొట్టారో, ఎవరు చూపించారో రాసిస్తున్నాడు. నేను రాయాల్సింది నిన్ననే రాసిచ్చాను, నా డబ్బు సంగతీ, వాడి చెవి సంగతీ, రెండూ."

"రెండూనా? రాసిచ్చాక... మరి రాఖీ ఎందుకు కట్టావు?"

"తమ్ముడివి కాబట్టి కట్టాను. కళ్ళు తుడుచుకుని లే, హవల్దారు వాకిట్లో ఎప్పట్నుంచో నిలబడ్డాడు. రాఖీ తెగిపోకుండా, బేడీ ఎడం చేతికే వెయ్యమని చెప్పాను."